పక్క పేజీలోని పటం

కృష్ణవేణికి రెండో తరగతి నుంచీ ఒకటే అలవాటు. పొద్దుగూకేసరికి ఆ రోజు పాఠం అమ్మకు అప్పజెప్పాలి. వాళ్లమ్మ విజయశ్రీ సత్తెనపల్లి దగ్గర ఒక పల్లెలో, సర్కారు ఆస్పత్రిలో నర్సు. డ్యూటీ దిగి క్వార్టర్‌కి వచ్చి, మొహం కడుక్కుని, ఒళ్లో చేట పెట్టుకుని కూచునేది. చేతులు వెల్లుల్లి ఒలుస్తుండేవి, కళ్లు మోకాలి మీద తెరిచిన పుస్తకంలో ఉండేవి, చెవులు మాత్రం పిల్ల నోటి దగ్గరే. షరతు ఒక్కటే. ఎక్కడన్నా మాట తప్పిందో, అక్కడ దిద్దుకుని ముందుకు పోవడానికి లేదు. మొదటికి రావాల్సిందే.

"దారంలో ముడి పడితే సూది ముందుకు పోదే. మళ్లీ మొదట్నించీ కానియ్," అనేది.

ఆ పిల్ల అట్లా మొదటికి వచ్చీ వచ్చీ పదో తరగతి ఒడ్డెక్కింది. సాంఘిక శాస్త్రంలో తొంభై ఆరు. ఆ ఆరు తొంభై మీద కూచున్నది విజయశ్రీ వెల్లుల్లి వల్లనే అని చుట్టుపక్కల క్వార్టర్ల వాళ్లంతా ఒప్పుకున్న మాట.

ఆ వేసవిలోనే, అంటే 2007లో, తండ్రి ఉమాకాంత్ వచ్చి కూతుర్ని అమెరికా తీసుకుపోయాడు. ఆయన అప్పటికి నాలుగేళ్లుగా షికాగోలో కంప్యూటర్ ఉద్యోగం చేస్తూ, ఊరికి దూరంగా నేపర్‌విల్‌లో ఉంటున్నాడు. ఇంటర్‌లో చేరితే చదువు మధ్యలో తెగుతుంది, ఇప్పుడే రావాలన్నాడు. మరి విజయశ్రీ? ఆమెకు పద్దెనిమిదేళ్ల సర్వీసు అయింది. ఇరవై నిండితే పెన్షను. రెండేళ్ల కోసం అంత సర్వీసూ వదులుకోవడం ఎందుకని ముగ్గురూ కూచుని అనుకున్నారు. అనుకున్నప్పుడు రెండేళ్లు చిన్నమాటగానే ఉంది.

నేపర్‌విల్‌లో వాళ్లది రెండో అంతస్తు. కిటికీలోంచి చూస్తే కార్లు నిలిపే చోటు, దాని చుట్టూ ఒకే ఎత్తున కత్తిరించిన గడ్డి. తండ్రి పొద్దున ఆరూ నలభై రైలుకి వెళితే రాత్రి ఏడున్నరకి ఇల్లు చేరతాడు. పిల్లని మూడుంబావుకి బడి బస్సు దింపుతుంది. ఆ నాలుగు గంటలూ ఆ ఇంట్లో మాట్లాడేది ఫ్రిజ్ ఒక్కటే. అదీ ఉండుండి గుర్రుమని, మళ్లీ ఊరుకునేది.

హైస్కూల్లో ఆమెని పదకొండో క్లాసులో వేశారు. ఆ క్లాసులో అమెరికా చరిత్ర అందరూ చదివి తీరాలి. అది పాసవకపోతే బడి నుంచి బయటపడే పట్టా రాదు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో, రైలు పట్టాలూ ఉక్కు కొలుములూ పుట్టుకొచ్చిన కాలం నుంచి మొదలవుతుంది పాఠం. పుస్తకం రెండు ఇటుకల బరువు. అట్ట వేసుకు రమ్మంటే, పిల్లలంతా కిరాణా సంచి చింపి ఎట్లాగో చుట్టుకొచ్చారు. కృష్ణవేణి మాత్రం అంచులు మడిచి, మూలలు కుట్టి, పైన శ్రీరామ రాసి, కింద పేరూ క్లాసూ సబ్జెక్టూ స్కేలు పెట్టి గీతలు గీసి మరీ రాసింది.

మొదటి రోజు టీచరు మిసెస్ నోవాక్ గదిలోకి రాగానే కృష్ణవేణి లేచి నిలబడి, "గుడ్ మార్నింగ్ మేడమ్," అంది. తక్కిన ఇరవై ఏడు మందీ తలలు తిప్పి చూశారు. మెళ్లో గొలుసుకి కళ్లద్దాలు వేలాడేసుకున్న ఆ పెద్దావిడ నవ్వి, "కూచోమ్మా, ఇక్కడ లేవక్కర్లేదు," అంది. ఎవరూ ఎగతాళి చేయలేదు. చేసినా బాగుండేది. ఎగతాళి చేసేవాళ్లు మర్నాడు పలకరిస్తారు కూడా. వీళ్లు చూసి, తలలు మళ్లీ తిప్పేసుకున్నారు, అంతే.

ఆ క్లాసులో దియ అని మన తెలుగుపిల్ల ఒకతి ఉంది, అక్కడే పుట్టింది. రెండో రోజు తనే వచ్చింది.

"నువ్వు ఇండియా ఇండియానా? అంటే, రీసెంట్‌గా వచ్చినావా?"

"అవును. గుంటూరు జిల్లా."

"ఓ, మా మామ్‌ది కూడా దేర్ సమ్‌వేర్. నాకు తెలుగు కొంచెం వస్తది. బట్ లంచ్‌లో నేను ఆర్కెస్ట్రా ఫ్రెండ్స్‌తో కూచుంట. ఓకే కదా?"

"ఓకే," అంది కృష్ణవేణి. ఇంకేమంటుంది?

భోజనాల హాల్లో బల్లల మీద పేర్లు రాసి ఉండవు గానీ ప్రతి బల్లకీ సొంతదారులున్నారు. పళ్లెం పట్టుకుని నిలబడితే ఎటు పోవాలో తెలియదు. అందుకని ఆమె లైబ్రరీకి పోయేది. అక్కడ తిననివ్వరు. డబ్బాలోని చపాతీలు మూడింటికి, ఇంటికొచ్చే బస్సులో తినేది.

రోజు మొత్తంలో ఆ పిల్లకి నోరు తెరిచే వేళ ఒకటుండేది. అమ్మతో ఫోను. నిమిషాల లెక్కన కొన్న ఫోను కార్డు గీకి, అందులోని పొడుగాటి నంబరు నొక్కితే, ఇక్కడి సాయంత్రంలోంచి అక్కడి పొద్దుటి ఆరు గంటలు పలికేవి. నవంబరులో గడియారాలు గంట వెనక్కి తిప్పారు కాబట్టి, ఏడున్నరకి చేసే ఫోను ఆరున్నరకే చేయాల్సి వచ్చింది. అక్కడ ఆరూ ఇరవైకి విజయశ్రీ డ్యూటీకి బస్సెక్కాలి మరి. అప్పటికింకా తండ్రి రైల్లోనే ఉంటాడు.

"అన్నం తిన్నావా?"

"తిన్నా."

"ఊఁ, అప్పజెప్పు."

అంతే. ఉక్కు, బొగ్గు, రైళ్లు, ఓడల్లో వచ్చి దిగిన జనం, అన్నీ ఇంగ్లీషులో, పేజీలకి పేజీలు. విజయశ్రీ చదివింది తెలుగు మీడియం. మందుల పేర్లు తప్ప ఇంగ్లీషు అంతగా తెలియదు. ఎదురుగా పుస్తకం కూడా లేదు. అయినా పట్టేసేది. "ఆగు. అక్కడ గుటక మింగావు. మళ్లీ మొదట్నించీ," అనేది. ఊపిరిని బట్టి నాడి చెప్పే మనిషికి పుస్తకం దేనికి! పాఠం సరిగ్గా పన్నెండు నిమిషాలు పట్టేది. ఆ తర్వాత, "సరే, బస్సు వస్తది, పెడుతున్నా," అనేది. వాళ్లిద్దరూ రోజూ మాట్లాడుకుంటున్నారనే ఉమాకాంత్ అనుకునేవాడు. వాళ్లూ అట్లాగే అనుకునేవాళ్లు.

నవంబరు నడిమధ్యలో పరీక్ష పెట్టారు. ఒకటే ప్రశ్న, నలభై నిమిషాలు. షికాగో పక్కన పుల్‌మన్ అనే ఊరు, రైలు పెట్టెలు తయారుచేసే యజమాని తన పనివాళ్ల కోసం కట్టించిన ఊరు. 1894లో ఆ పనివాళ్లు పని ఎందుకు ఆపేశారు? ప్రశ్న చూడగానే కృష్ణవేణికి ప్రాణం లేచివచ్చింది. రెండు వందల ముప్పై ఒకటో పేజీ! మూడుసార్లు మొదటికి వచ్చి మరీ అమ్మకి అప్పజెప్పిన పేజీ. తల ఎత్తకుండా రాసేసింది. శీర్షిక కింద గీత కూడా గీసింది.

గురువారం అందరి కాగితాలూ ఇచ్చి, ఆమెది ఇవ్వలేదు. గంట కొట్టాక మిసెస్ నోవాక్ ఆగమంది. కాగితం బల్ల మీద పెట్టి, ఒక వాక్యం మీద వేలు పెట్టింది. పక్క పేజీలోని పటంలో చూపినట్లు సమ్మె ఇరవై ఏడు రాష్ట్రాలకు పాకినది, అని ఉందక్కడ.

"ఏ పటం ఇది?"

"పక్క పేజీలోది మేడమ్."

"నీ కాగితానికి పక్క పేజీ ఎక్కడుంది?"

కృష్ణవేణి కాగితాన్ని తిరగేసి చూసింది. ఖాళీ.

"పుస్తకం ఎక్కడ పెట్టుకున్నావు? ఒళ్లోనా?"

"లాకర్‌లో మేడమ్."

"ఒక్క కామా కూడా తేడా లేదు. చూడకుండా ఇది ఎట్లా వచ్చింది?"

"చదివాను మేడమ్."

నోటికి వచ్చేదాకా చదివాను, మా ఇంట్లో చదవడమంటే అదే అని చెప్పాలని ఆమెకు తోచనే లేదు. చదవడానికి ఇంకో పద్ధతి ఉంటుందని తెలిస్తే కదా తోచడానికి. టీచరు నిట్టూర్చి, పైన ఎర్రగా సున్నా చుట్టి, తండ్రి సంతకానికి ఒక ఉత్తరం ఇచ్చింది. చూసి రాసిందని ఉంది అందులో. మంగళవారం తండ్రిని తీసుకురావాలి. రుజువైతే ఈ టర్ముకి చరిత్ర తప్పినట్లే.

ఉమాకాంత్ బూట్లు విప్పకుండానే, గుమ్మంలో నిలబడి చదివాడు.

"కాపీ కొట్టావా వేణీ?"

"లేదు నాన్నా."

"మరి?"

"చదివి రాశా."

ఆయన ఉత్తరం మళ్లీ మొదట్నుంచీ చదివాడు. "అమ్మకి చెప్పమాక. అంత దూరాన కూచుని కంగారుపడుద్ది," అన్నాడు.

చెప్పలేదు. కానీ మర్నాడు అప్పజెప్పబోతే నాలుగో వాక్యం దగ్గర మాట తెగిపోయింది. "మొదట్నించీ," అంది తల్లి. మళ్లీ అక్కడే. "మొదట్నించీ." మూడోసారీ అక్కడే. పుట్టి బుద్ధెరిగాక అట్లా ఎన్నడూ లేదు. "జలుబు చేసిందటే? మిరియాల పాలు..." అంటుండగా కార్డు అయిపోయింది.

మంగళవారం ఉమాకాంత్ తొందరగా రైలెక్కి వచ్చాడు. చిన్న గది, గుండ్రటి బల్ల, మధ్యలో ఏడ్చేవాళ్ల కోసం కాగితం రుమాళ్ల డబ్బా. ఒకవైపు మిసెస్ నోవాక్, పక్కన పిల్లల మంచిచెడ్డలు చూసే కౌన్సెలర్. వాళ్లింకా నోరు విప్పకముందే ఉమాకాంత్ ముందుకు వంగి, "సారీ మేడమ్. వెరీ సారీ. ఇంకోసారి చెయ్యదు, నాదే పూచీ," అని ఇంగ్లీషులో గబగబా అనేశాడు.

కృష్ణవేణి తండ్రి బూట్ల వైపు చూసింది. అద్దంలా మెరుస్తున్నాయి. పొద్దున దీనికోసమే కాబోలు కూచుని పాలిష్ చేసుకున్నాడు. సున్నా చుట్టిననాడు రాని దుఃఖం ఆ బూట్లు చూస్తే వచ్చింది. ఈ దేశంలో తన తరఫున మాట్లాడే మనిషి ఒక్కడే ఉన్నాడు, ఆయన కూడా అవతలి పక్క నిలబడి మాట్లాడుతున్నాడు.

లేచి నిలబడింది. చేతులు కట్టుకుంది. కళ్లు మూసుకుంది.

మొదలుపెట్టింది. అధ్యాయం అంకె, పేరు, ఉపశీర్షిక. ఊరు కట్టించిన సంవత్సరం, ఇళ్లు, పార్కు, హోటలు. మిసెస్ నోవాక్ కళ్లద్దాలు పెట్టుకుని సంచిలోంచి పుస్తకం తీసింది. పేజీ వెతికి, వేలు పెట్టి వెంబడించింది. రెండో పేరాలో కృష్ణవేణి నాలుక ఒక మాట దగ్గర మడతపడింది. ఠక్కున ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ అధ్యాయం అంకె దగ్గర్నుంచి అందుకుంది. కౌన్సెలర్ కాఫీ కప్పు అందుకోబోయి చెయ్యి అక్కడే ఆపేసింది. పాఠం సాగింది. పక్క పేజీలోని పటం వచ్చింది. బొమ్మ కింది రెండు ముక్కలూ వచ్చాయి. పాఠం అయిపోయాక చివరి ప్రశ్నలు కూడా వచ్చాయి, ఒకటి, రెండు, మూడు.

"చాలమ్మా," అంది మిసెస్ నోవాక్. "చాలు. కూచో."

ఉమాకాంత్ టీచరు వైపు కాదు, కూతురి వైపు చూస్తున్నాడు. నాలుగేళ్లు ఫోనులోనే పెంచిన పిల్ల. ఇంత పని వచ్చునని ఆయనకి తెలియదు.

ఆవిడ ఉత్తరాన్ని రెండుగా చింపింది. "నేను పొరబడ్డాను. నువ్వు చూసి రాయలేదు. ఆ మాట ఎక్కడా ఉండదు ఇక," అంది. తర్వాత, "కానీ సున్నా మాత్రం ఉంటుంది, నువ్వు మళ్లీ రాసేదాకా. ఇది పుస్తకం చెప్పిన జవాబు. పుస్తకం నా దగ్గరా ఉంది. వాళ్లు పని ఎందుకు మానేశారని నీకు అనిపిస్తోందో నాకు కావాలి. వచ్చే సోమవారం రాయి," అంది.

కృష్ణవేణి తలూపింది. "ఏ పేజీ నుంచి మేడమ్?"

"ఏ పేజీ నుంచీ కాదు."

ఇంటికి పోయే దారిలో కారు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు తండ్రి, "నాకు ముందే చెప్పొచ్చుగా, నోటికొచ్చని," అన్నాడు.

"మీరు కాపీయా అనడిగారు నాన్నా. నోటికొచ్చా అనడగలేదు."

సిగ్నల్ ఆకుపచ్చ అయినా కారు వెంటనే కదల్లేదు. వెనక బండివాడు హారన్ కొట్టాడు.

బుధవారం నుంచి శనివారం దాకా ఆ పిల్ల కాగితం ముందు కూచునే ఉంది. ఏ వాక్యం మొదలుపెట్టినా అది తిన్నగా వెళ్లి పుస్తకంలోని వాక్యంలోనే కలిసేది. కొట్టేసేది. సొంత మాటలు రాయమంటే, అసలు సొంత మాట అంటూ అని ఎన్నాళ్లయిందో గుర్తు రాలేదు. బడిలో ఓకే, ఇంట్లో ఊఁ, ఫోనులో పుస్తకం. ఫోనులోనూ ఆ నాలుగు రోజులూ పాత పాఠాలే అప్పజెప్పి గట్టెక్కింది.

ఆదివారం సాయంత్రం ఆరున్నర. తండ్రి వంటింట్లో గిన్నెలు కడుగుతున్నాడు. కృష్ణవేణి కార్డు నంబరు నొక్కింది.

"అన్నం తిన్నావా?"

"తిన్నా."

"అప్పజెప్పు."

"అమ్మా, ఇవాళ తెలుగులో చెప్తా."

"తెలుగులోనా? మీ బళ్లో తెలుగెప్పుడు పెట్టారే?"

"పెట్టలా. నేనే చెప్తా. విను." చెప్పింది. "ఇక్కడికి దగ్గర్లోనే ఒక ఊరుంది. కంపెనీ ఆయన కట్టించాడు. ఇల్లు ఆయనదే, కొట్టు ఆయనదే, పార్కు ఆయనదే, గుడి కూడా ఆయనదే. అందులో పనిచేసేవాళ్లు అక్కడే అద్దెకుండాలి. ఒకేడు జీతాలు తగ్గించాడు. అద్దె తగ్గించలా."

"అదేం పోయేకాలం! జీతం తగ్గించినోడు అద్దె తగ్గించొద్దూ? మరి పసిపిల్లలకి పాలో?" విజయశ్రీ గొంతు లేచింది. ఇన్నాళ్లూ పాఠం విన్నది గానీ, పాఠంలో ఏం జరిగిందని ఆమె అడగడం అదే మొదలు. "లేచి వేరే ఊరు పోవచ్చుగా?"

"పోతే పని పోద్దేమోనని భయం."

"ఊఁ. మా క్వార్టర్స్ బతుకే. పైకప్పు కారుతుందని రాసిస్తే, డాక్టరమ్మ దగ్గర్నించీ అటెండరు దాకా తప్పు నాదైనట్టు నన్నే చూస్తారు." మళ్లీ తనే, "ఊరు ఎట్టా ఉండేదంటా?" అంది.

"చక్కగా ఉండేదంట. ఇటుక ఇళ్లు, చెట్లు, గడ్డి అంతా ఒక్క ఎత్తున."

"మరింకేం?"

"చక్కగానే ఉంటదమ్మా. కానీ ఏదీ మనది కాదు. ఎక్కడ కూచోవాలో తెలవదు. నలుగురు కలిసి మాట్లాడుకోడానికి చోటుండదు. గట్టిగా అంటే ఎవరేమనుకుంటారో అని. అట్టా ఉండగా ఉండగా మాటే మర్చిపోతారు. జీతం ఒక్కటే అయితే ఓర్చుకునేవాళ్లేమో. పొద్దస్తమానం ఎవరితో ఏం మాట్లాడకుండా..."

వంటింట్లో కుళాయి ఆగిపోయింది.

అవతల ఎక్కడో కోడి కూసింది. విజయశ్రీ మెల్లిగా అడిగింది. "వేణీ, ఇది ఏ పేజీ?"

"పేజీలో లేదమ్మా."

బస్సు వేళయింది. విజయశ్రీ పెట్టేస్తున్నానని అనలేదు.

"మధ్యాన్నం అన్నం ఎవరితో కూచుని తింటున్నావే?"

కృష్ణవేణి జవాబు చెప్పేలోపే కార్డులోని ఆడగొంతు మధ్యలో దూరి, ఇంకొక్క నిమిషమే ఉందని ఇంగ్లీషులో చెప్పింది. ఆ నిమిషమంతా ఒకరి ఊపిరి ఒకరు విన్నారు. ఊపిరి వినడం వాళ్లకి కొత్త కాదు కదా.

సోమవారం రాసింది. ఒకటిన్నర పేజీ వచ్చింది. శీర్షిక కింద గీత గీయడం మర్చిపోయింది. బుధవారం కాగితం తిరిగొచ్చింది. సున్నా పోయి సి ప్లస్. అక్షరదోషాలకి పద్నాలుగు ఎర్ర గుండ్రాలు. మొదటి వాక్యం పక్కన మాత్రం గుండ్రం లేదు, నిలువుగీత ఒకటి గీసి, ఇది నాకు ఇన్నాళ్లూ తెలియదు, అని రాసింది మిసెస్ నోవాక్. ముప్పై ఏళ్లుగా ఆ పాఠం చెబుతున్న మనిషి. అది చూపించడానికి పక్కన ఎవరన్నా ఉన్నారేమోనని కృష్ణవేణి అటూ ఇటూ చూసింది. దియ వయొలిన్ పెట్టె తగిలించుకుని అప్పటికే బయటికి పోతోంది. కాగితం మడిచి పుస్తకంలో పెట్టుకుని, లైబ్రరీకి పోయింది.

సాయంత్రం ఫోను చేసింది.

"మార్కులెన్ని?"

"సి ప్లస్. అంటే డెబ్భై ఏడట్టా."

తొంభై ఆరుకి అలవాటుపడ్డ మనిషి గుటక మింగిన చప్పుడు వినిపించింది. "సరే. ఏం రాశావో అప్పజెప్పు."

కృష్ణవేణి చేతులు కట్టుకుంది, కళ్లు మూసుకుంది, నోరు తెరిచింది. ఏమీ రాలేదు.

"అమ్మా, రావట్లా."

"నువ్వు రాసిందేగా?"

"నేను రాసిందే. నోటికి రావట్లా. చూసి చదవనా?"

చూసి చదవడం! రెండో తరగతి నుంచీ ఆ ఇంట్లో లేని మాట. దూరాన విజయశ్రీ చేట పక్కన పెట్టిన చప్పుడయింది.

"చూసే చదువు," అంది.

కృష్ణవేణి కాగితం దీపం కిందికి జరుపుకుంది. ఆ ఊరు అందంగా ఉండేది, అందులో ఎవరికీ మాట్లాడుకోవడానికి మనిషి లేడు, అని ఉన్న మొదటి వాక్యం ఇంగ్లీషులో చదివింది.

"అంటే?" అంది విజయశ్రీ.

చెప్పింది. రెండోది చదివింది.

"అంటే?"

మూడో వాక్యం దగ్గర ఎర్ర గుండ్రం అడ్డొచ్చి తడబడి, అలవాటు చొప్పున మొదటికి పోబోయింది.

"వద్దులే," అంది తల్లి. "అక్కణ్ణించే చదువు."